ముడుల లెక్క

మహారాణిపేటలో, కలెక్టరాఫీసు గోడవారగా
నాదొక మడత బల్ల, రెండు పెన్నులు,
కాగితాలు ఎగరకుండా ఒక రాయి.
ఇరవై రెండేళ్లుగా మందికి అర్జీలు రాస్తున్నాను.
సముద్రం ఇక్కడికి కనబడదు. వినబడుతుంది,
గుమాస్తాలు భోజనానికి లేచాక.

గనగళ్ల పరదేశమ్మ ఖాళీ తట్ట బోర్లించి దానిమీద కూచుంది.
"రాయి బావూ.
ఎండుచేపలకి గట్టు కట్టినారంట మా పేటలో.
నలభై అడుగులు పొడుగంట. పదకొండు లచ్చలంట.
మరి మా నెత్తళ్లు ఇంకా ఇసకలోనే ఎండతన్నాయేటి?"

సమాచార హక్కు చట్టం కింద, అని మొదలెట్టాను.
తెల్ల కార్డు నకలు పెడితే రుసుము అక్కర్లేదన్నాను.
వినలేదు. చెంగు ముడి విప్పి
పది రూపాయల నోటు తీసింది, చేపవాసన నోటు.
"డబ్బిచ్చి అడిగితే సరుకు అడిగినట్టుంటాది.
ఊరికే అడిగితే ముష్టడిగినట్టుంటాది."

ముప్పై రోజులు అంది చట్టం.
ఆమె దారానికి ముప్పై ముడులు పడ్డాయి.

ఆ దారం సంగతి చెప్పాలి మీకు.
పదకొండు మంది ఆడవాళ్లు కలిసి వేలంలో చేప కొంటారు,
లెక్క పరదేశమ్మది. చదువు రాదు.
వల అల్లే నైలాను దారం, మనిషికొక పోగు,
వందకొక పెద్ద ముడి, పదికొక చిన్నది.
బాకీ తీరితే ముడి విప్పడం, అందరి ముందూ.
ఆ పోగులు ఇంట్లో ఉండవు,
గుమ్మం బయట మేకుకి వేలాడుతుంటాయి.
రాత్రి కరెంటు పోయినా
ఎవరి బాకీ వాళ్లు వేళ్లతో తడిమి చూసుకోవచ్చు.

నలభై ఆరో ముడికి జవాబొచ్చింది.
పంతొమ్మిది కాగితాలు, సగం జిరాక్సు మసి.
కొలతల పుస్తకం, సిమెంటు బస్తాలు, ఇసుక ట్రాక్టర్లు
(సముద్రపొడ్డుకి ఇసుక!)
"పని పూర్తయినది. సంతృప్తికరము."
నాలుగు సంతకాలు. గుండ్రటి ముద్ర.
చివర ఒక ఫొటో: నున్నటి గట్టు, పక్కన పడవ,
మూలన ఉదయం ఏడూ నలభై.
కాగితం గట్టిగా ఉందమ్మా, ఇంకేం చేయలేం, అన్నాను.

ఫొటో లాక్కుంది.
దొంగనోటు చూసినట్టు ఎండకి ఎత్తి పట్టింది.
"ఈ పడవడుగు సూడు, పీటలాగుంది.
కాలవలో తిరిగీ పడవిది. మా కెరటం దీన్ని ఒక్క పూట బతకనివ్వదు.
నీడ సూడు, నీటేపు పడింది.
మా కాడ పొద్దున్నే నీడ కొండేపు పడతాది."

కళ్లద్దాలు తుడుచుకున్నాను.
చదువొచ్చిన నేను పంతొమ్మిదీ చదివాను,
నీడ చదవలేదు.

అప్పీలు రాశాం. చెయ్యి నాది, మాటలు ఆవిడవి.
పడవడుగు, నీడ, ఇసుక ట్రాక్టర్లు.
ఆఖరి వాక్యం: "గట్టు ఎక్కడో ఉన్న మాట నిజం.
ఆ ఊరి పేరు తెలియజేయగలరు."
దీనికి రుసుము లేదంటే మాత్రం ఆమెకి నచ్చలేదు.

లేస్తూ అడిగింది, నీకెంతివ్వాలని.
ఎనభై.
"ఏటేటికి?"
ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగలేదు.
రాసినందుకు నలభై అన్నాను. జిరాక్సులకి ఎనిమిది.
రిజిస్టరు పోస్టుకి ఇరవయ్యారు.
డెబ్బై నాలుగు దగ్గర ఆగిపోయాను.
ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడే ఉంది,
ఆరు రూపాయల కోసమైతే కాదు.

విచారణకి తేదీ ఇచ్చారు. మార్చారు. మళ్ళీ ఇచ్చారు.
ఏమవుతుందో నాకు తెలీదు.
మొన్న ఒక ఇంజనీరు టేపు పట్టుకుని పేటకెళ్లాడట.
పరదేశమ్మ టీ ఇప్పించి,
ఇసకలో రెండు తెడ్లు పాతి,
"ఇక్కణ్ణించి అక్కడికి పదకొండు లచ్చలు, కొలుసుకో" అందట.

నా రేట్లు ఇప్పుడు అట్టముక్క మీద రాసి పెట్టాను, బల్ల మీద.
బీచి గాలికి మాటిమాటికీ తిరగబడుతుంది.
రాయి దానిమీదికి మార్చాను.